మాతృకలు ఎవరి చేత నున్నవి? — తెలుగచ్చు చరిత్రయు, ఉమ్మడి రూపకల్పనలో ఫాంట్ల పోషణయు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి భాషా జీవనమును గూర్చి వెలువడుచున్న ఈ సంచికలో శాసనములు, వలసలు, జానపద సాహిత్యము, విద్యా హక్కులు మున్నగు పెద్ద విషయములను పండితులు చర్చించుచున్నారు. నేను ఎన్నుకొన్న విషయము చిన్నదిగా తోచవచ్చును. అది మన అక్షరముల రూపమును గూర్చినది. అనగా అచ్చుపోతలను గూర్చియు, నేడు కంప్యూటరులో మనము ఫాంట్లని పిలుచుకొను వానిని గూర్చియు. కొందరు పండితులు వీనిని ఖతులనుచున్నారు. వాడుకలో ఫాంటు అను మాటయే నిలిచినది కనుక నేనును దానినే వాడుచున్నాను.

నేను ముద్రణ శాస్త్రమునందు పండితుడను కాను. తమిళనాట హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమ పాఠశాలలో ఇరువది యేండ్లకు పైగా తెలుగు చెప్పుచున్న ఉపాధ్యాయుడను. ఈ విషయము వైపు నన్ను నడిపించినది ఒక కష్టము. 2003లో మా పాఠశాల పిల్లల కొరకు ఉపాధ్యాయులము కొందరము కలసి ఒక ఉపవాచకమును కూర్చితిమి. మా ప్రాంతపు పొడుపుకథలు, రాగి చేను పాటలు, పల్లెల పేర్ల వెనుకనున్న కథలు అందులో నుండెను. సమీప పట్టణములోని ఒక డి.టి.పి. దుకాణములో దానిని కంపోజు చేయించి అచ్చు వేయించితిమి. ఫైలును ఒక సీడీలో భద్రపరచితిమి. 2019లో మరల అచ్చు వేయింపవలెనని ఆ ఫైలును తెరువగా తెరమీద ఒక్క తెలుగు అక్షరమును లేదు. రోమను లిపి అక్షరములు, కొక్కెములు, చుక్కలు, డాలరు గుర్తులు బారులు తీరి యుండెను. దుకాణము మూతపడి చాలకాలమైనది. ఆ ఫాంటు ఏ కంప్యూటరులో నుండెనో ఆ కంప్యూటరే లేదు. మిగిలిన ఒక్క అచ్చు ప్రతిని ముందు పెట్టుకొని, పిల్లలును మేమును రెండు నెలలు కూర్చుండి గ్రంథమంతయు తిరిగి టైపు చేసితిమి. ప్రతిలో చిరిగిన పుటలు మూడు ఇప్పటికిని దొరకలేదు. ఆ పాటలు పాడిన ముసలమ్మలును నేడు లేరు.

ఆనాటినుండి నాకొక ప్రశ్న పట్టుకొన్నది. మన అక్షరముల మాతృకలు ఎవరి చేత నున్నవి? చరిత్రను వెనుకకు తిరిగి చూచినచో ఈ ప్రశ్న క్రొత్తది కాదని తెలిసినది.

లోహపు అక్షరముల కాలము

తెలుగు అక్షరము తొలుత అచ్చయినది తెలుగు నేలపై కాదు. తరంగంబాడి నుండి చెన్నపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు స్వదేశమునకు మరలిన పిమ్మట, 1746–47 సంవత్సరములలో జర్మనీలోని హాలే నగరమున తెలుగు అక్షరములు పోతపోయించి చిన్న మతగ్రంథములను అచ్చు వేయించెను. ఆ అక్షరముల మాతృకలు సముద్రముల కావలనుండెను. ఆ భాష మాటలాడువారు ఈవల నుండిరి.

ఇక్కడ మాతృక యనగా నేమో చెప్పవలెను. పూర్వపు అచ్చు విధానములో ముందుగా ఒక ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును చెక్కుదురు. దానిని రాగి ముక్కపై కొట్టగా ఏర్పడిన గుంటయే మాతృక. అందులో కరగిన సీసపు మిశ్రలోహమును పోయగా అచ్చు అక్షరము వచ్చును. అచ్చు అక్షరములు అరిగిపోవును, పోవును. మాతృక యున్నంతకాలము మరల పోసికొనవచ్చును. తెలుగునకు గుణింతములు, ఒత్తులు, సంయుక్తములు ఉన్నందున కంపోజిటరు ముందరి కేసులలో కొన్ని వందల గళ్లు నిండవలెను. కనుక తెలుగు పోత ఖర్చుతో గూడిన పని. చిన్న ముద్రణాలయమునకు అది యొక ఆస్తి.

వంగదేశములోని శ్రీరాంపురము మిషను ముద్రణాలయము 1800లో ఏర్పడినది. విలియం కేరీయు ఆయన సహచరులును అక్కడ అనేక భారతీయ భాషల అక్షరములను పోతపోయించిరి. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనది. కాగితములు, వ్రాతప్రతులు, పోసియుంచిన అక్షరములు నాశమయ్యెను. కాని బూడిద తొలగించి చూడగా ఉక్కు ముద్రలును మాతృకలును చెడక మిగిలియుండెను. కరగి ముద్దలైన లోహమునే ఏరి తెచ్చి వెంటనే మరల అక్షరములు పోయ నారంభించిరి. రెండేండ్లకు, అనగా 1814లో, కేరీ రచించిన తెలుగు వ్యాకరణము అక్కడనే అచ్చయినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు వెలువడినది. ఇల్లు కాలినను పని నిలువకుండుటకు కారణము మాతృకలు మిగులుటయే. మా ఉపవాచకము విషయములో ఇందుకు విరుద్ధముగా జరిగినది. ఫైలు చెక్కుచెదరలేదు, మాతృక పోయినది.

చెన్నపురిలో 1812లో సెంటుజార్జి కోట కళాశాల స్థాపితమైనది. 1816లో ఏ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణము ఆ కళాశాల ముద్రణాలయముననే అచ్చయినది. దక్షిణ భాషలు ఒక కుటుంబమునకు చెందినవని ఎల్లిస్ దొర ప్రతిపాదించినది ఆ గ్రంథమునకు చేర్చిన పీఠికయందే. తరువాత బ్రౌను దొర నిఘంటువు 1852లో చెన్నపురిలోనే వెలువడినది. 1854 నుండి వావిళ్లవారి ముద్రణాలయము ఆ నగరముననే ప్రాచీన కావ్యములను ఇంటింటికి చేర్చినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి 1914లో చెన్నపురికి తెచ్చి దినపత్రికగా నడిపిరి. నేటి రాష్ట్రముల ఎల్లలతో చూచినచో ఈ నగరములు తమిళనాటను మహారాష్ట్రమునను ఉన్నవి. తెలుగచ్చు చరిత్రలో పెద్ద భాగము మనవంటి వారున్న చోటులందే నడచినదని మన పిల్లలకు మనము చెప్పదగును.

కంప్యూటరు తొలినాళ్లు

సీసపు అక్షరముల కాలములో ఒక సౌకర్యముండెను. ఏ పోతతో అచ్చు వేసినను, పుస్తకము చేతికి వచ్చిన తరువాత చదువుటకు పోతతో పనిలేదు. 1990 దశకమున డి.టి.పి. విధానము మన పట్టణములకు వ్యాపించినప్పుడు ఈ స్థితి మారినది. ఆనాటి ఫాంట్లలో పెక్కు రోమను అక్షరములకు కేటాయించిన గళ్లలోనే తెలుగు ఆకృతులను నింపెను. ఉన్న గళ్లు 256 మాత్రమే. తెలుగునకు అవి చాలవు గనుక అక్షరములను ముక్కలు చేసిరి: తలకట్టు ఒకచోట, కొమ్ము మరియొకచోట, ఒత్తులు వేరొకచోట. ఏ ముక్క ఏ గడిలో నుండవలెనను విషయమున ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఏర్పాటు చేసికొన్నది. అందుచేత ఒక ఫాంటుతో కంపోజు చేసిన వ్యాసము మరియొక ఫాంటులో అర్థములేని గుర్తుల కుప్ప యయ్యెను. వ్రాతయు ఆకృతియు విడదీయరానివై చిక్కుపడెను. ఫాంటు పోయినచో పుస్తకమే పోయినట్లు. ఆ రోజులలో కంపోజయిన సంఘముల సంచికలు, పాఠశాలల వాచకములు, పెండ్లి పత్రికలు, కవుల సంపుటములు ఇట్లు ఎన్ని మూగవోయినవో లెక్కింప నెవ్వరి తరము?

యూనికోడు తెచ్చిన మార్పు

ఈ చిక్కునకు పరిష్కారము ఆ దశకపు ఆరంభముననే సిద్ధమైనది. 1991లో భారత ప్రమాణముల సంస్థ భారతీయ లిపులకు ఇస్కీ అను ఏర్పాటును ప్రకటించినది. ఆ సంవత్సరముననే యూనికోడు మొదటి సంపుటము వెలువడినది. భారతీయ లిపుల అమరికను యూనికోడువారు ఇస్కీయొక్క 1988 నాటి రూపమునుండి గ్రహించిరి. యూనికోడు ప్రకారము ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. ఆకృతితో సంబంధము లేదు. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ‘క’ 3093వ సంఖ్య. ‘క్ష’ వ్రాయవలెనన్న 3093, 3149, 3127 అను మూడు సంఖ్యలు వరుసగా నిలుచును. అనగా క, పొల్లు, ష. ఆ మూడింటిని కలిపి ఒక్క సంయుక్తముగా తీర్చు భారము ఫాంటుదియు, దానిని నడపు తంత్రముదియు. ఫాంటు మారినను సంఖ్యలు మారవు. వ్రాత నిలుచును.

ఈ సంఖ్యల వరుసలో మనవారికి ఆసక్తి కలిగించు విషయమొకటి కలదు. 2816 నుండి ఒడియా, 2944 నుండి తమిళము, 3072 నుండి తెలుగు, 3200 నుండి కన్నడము నిలిచియున్నవి. నేలమీద ఇరుగుపొరుగైన లిపులు అక్కడను ఇరుగుపొరుగే. కన్నడ ‘క’ 3221. తెలుగు ‘క’ కంటె సరిగా 128 ఎక్కువ. ఒకే తెలుగు–కన్నడ లిపినుండి విడివడిన అక్కచెల్లెండ్రు నేటికిని ఒకే క్రమమున నిలిచియున్నారు. ఈ మాట బళ్లారి ఉపాధ్యాయ మిత్రులొకరికి చెప్పగా ఆయన తరగతిలో నల్లబల్లపై రెండు వరుసలు వ్రాసి చూపిరట. పిల్లలు తామే లెక్క కట్టి సంతోషించిరట.

యూనికోడు ఒక్కనాటితో పూర్తికాలేదు. దంత్య చ, జలకు వాడు ౘ, ౙ అను అక్షరములు 2008లో వచ్చిన 5.1 సంపుటమున చేరినవి. ప్రాచీన ముద్రణలలో కనబడు నకారపొల్లు 2021లో 14వ సంపుటమున చేరినది. కనుక పాత ఫాంటులో క్రొత్తగా చేరిన అక్షరము లేకపోవచ్చును. పాత కావ్యములను తిరిగి కూర్చువారు ఈ సంగతి గుర్తింపవలెను.

అందరి సొత్తైన ఫాంట్లు

2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు కంప్యూటరులో ముందుగనే యమరి వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో ఫాంట్లను రూపొందించి లోకమునకు ఉచితముగా నిచ్చిరి. 2010 దశకమున మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన, గిడుగు, గురజాడ, సురవరం మొదలగు పెక్కు ఫాంట్లు స్వేచ్ఛా అనుమతి పత్రముతో వెలువడి, గూగుల్ ఫాంట్ల భాండారమునను చేరినవి.

ఆ పేర్లను మనము ఒకమారు తలచుకొనవలెను. పెద్దన, తిమ్మన, ధూర్జటి కవిత్వము చెప్పిన రాయల కొలువు నేటి కర్ణాటకములోని హంపియందుండెను. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడుగా పనిచేసి సవరభాషకు సేవ చేసిన పర్లాకిమిడి నేడు ఒడిషాలో నున్నది. వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు భాషను చూచినచో నన్ను మందలించియుండెడివాడే. అయినను ఆయన పేరి ఫాంటుతో మా పిల్లలు తమ పేర్లు వ్రాసికొనుచున్నారు.

ఈ ఫాంట్లలో పెక్కింటికి వర్తించు స్వేచ్ఛా అనుమతి పత్రము యొక్క ప్రస్తుత రూపము 2007లో వెలువడినది. దాని సారాంశమిది: ఎవరైనను వాడవచ్చును, పంచవచ్చును, మార్చవచ్చును, ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు, మార్చినప్పుడు, కర్తలు ప్రత్యేకించి తమకు ఉంచుకొన్న పేరును వాడరాదు. శ్రీరాంపురపు మాతృకలు ఒక్క ఇంటిలో నుండెను. ఇవి వేయి ఇండ్లలో నుండుటకు అర్హత గలవి.

ఉమ్మడి రూపకల్పన

ఇప్పుడు మన కాలపు పనికి వత్తును. బళ్లారి, షోలాపురము, బరంపురము, యానాములలోని ఉపాధ్యాయ మిత్రులును నేనును కలసి గత సంవత్సరము ఒక అక్షరమాల పటమును రూపొందింప బూనితిమి. ఇందుకు ఉమ్మడి రూపకల్పన తంత్రములు కలవు. 2016లో ప్రజలకు అందిన ఫిగ్మా, స్వేచ్ఛా తంత్రమైన పెన్‌పాట్, కాన్వా అట్టివి. ఒకే పత్రమును ఐదూళ్ల వారు ఒకే సమయమున తెరచి దిద్దవచ్చును. ఒకరు గీయుచుండగా మరియొకరికి కనబడుచుండును.

మొదటి దినముననే అడ్డంకి వచ్చినది. షోలాపురపు మిత్రుడు తన కంప్యూటరులోనున్న పోతన ఫాంటుతో శీర్షికలు వ్రాసెను. మేము తెరువగా ఫాంటు లేదను హెచ్చరిక కనబడినది. ఫిగ్మాలో దానికి రోమను ‘ఏ’ అక్షరము ప్రక్కన ప్రశ్నార్థకము గుర్తు. అక్షరములు చూచుటకు కనబడుచునే యున్నవి, దిద్దబోయిన దిద్దనీయవు. మాలో ఒకరు తొందరపడి వేరొక ఫాంటును బదులు పెట్టగా పంక్తులు విరిగి, ఒత్తులు క్రింది పంక్తిపై పడి, పటమంతయు చెదరినది. తెలుగు ఫాంట్లన్నియు ఒకే ఎత్తు కావు. క్రింది ఒత్తులకు ఒక్కొక్కటి ఒక్కొక్క అంత చోటు విడుచును.

కారణము విచారింపగా తెలిసినది. గూగుల్ భాండారములోని ఫాంట్లు ఫిగ్మాలో అందరికిని సహజముగా లభించును. ఎవరి కంప్యూటరులో వారు చేర్చుకొన్న ఫాంటు వారికే కనబడును. అదియు విడిగా అమర్చుకొన్న ఫిగ్మా తంత్రమందే నేరుగా కనబడును. విహరిణిలో తెరచువారు ఫాంట్లను చదువు చిన్న సహాయక తంత్రమును వేరుగా అమర్చుకొనవలెను. క్రొత్త ఫాంటును చేర్చిన పిదప ఒకసారి మూసి తెరచిన గాని అది జాబితాలోనికి రాదు. సంస్థ యంతటికిని ఫాంటును ఎక్కించి పంచుకొను సౌకర్యము ఫిగ్మాలో పెద్ద చందాల వారికి మాత్రమే కలదు. పెన్‌పాట్‌లో జట్టు పేర ఫాంటును ఎక్కించినచో జట్టులోని వారందరికి అందును. ఫాంటును ఎక్కించునప్పుడు దానిని వాడు హక్కు మీకు కలదా యని కాన్వా అడుగును. ఆ ప్రశ్నను చదువక ఔనని నొక్కుట మన అలవాటు. అది మంచి అలవాటు కాదు.

తుదకు మేము పటమును రెండే ఫాంట్లకు కుదించితిమి: శీర్షికలకు రామభద్ర, పాఠమునకు మండలి. రెండును అందరికి లభించునవే. పని నెమ్మదిగా సాగి పూర్తియైనది. యానాము పాఠశాల గోడపై దానిని అంటించిన ఛాయాచిత్రమును చూచితిమి.

కొన్ని నియమములు

ఈ అనుభవమునుండి మేము ఏర్పరచుకొన్న పద్ధతులను ఇచ్చట చెప్పుచున్నాను. సంచికలు వెలువరించు సంఘములకు ఇవి ఉపకరించునని నమ్మకము.

మొదటిది: పని ఆరంభించుటకు ముందే ఫాంట్లను నిర్ణయించి పత్రపు మొదటి పుటలో వ్రాయవలెను. రెండు, మూడింటికి మించరాదు.

రెండవది: ఫాంట్లకు ఒక పోషకుని నియమింపవలెను. పూర్వము ముద్రణాలయములో కేసులు చూచువాడున్నట్లే నేడును ఒకరుండవలెను. ఫాంటును చేర్చుట, మార్చుట, బదులు పెట్టుట ఆయన అనుమతితో జరుగవలెను.

మూడవది: ఎంచిన ఫాంటును ముందుగా పరీక్షింపవలెను. లక్ష్మి, స్త్రీ, జ్యోత్స్న, వాఙ్మయము, ఆజ్ఞ, ఱంపము అను మాటలను వ్రాసి చూడవలెను. ఒక మారు బహుమతి పత్రములో మా తరగతి బాలిక పేరు ‘లక్ష్మి’ అని కాక, పొల్లులు విడివడి మూడు ముక్కలుగా వచ్చినది. ఆమె దానిని ఇంటికి తీసికొని పోలేదు. అచ్చు వేయుటకు ముందు పేర్లను చూచుకొననిది నా తప్పు.

నాల్గవది: అనుమతి పత్రమును చదివి, ఫాంటు ఫైలుతో పాటు దాని ప్రతిని భద్రపరచవలెను.

ఐదవది, ముఖ్యమైనది: పని పూర్తియైన పిదప మూడింటిని కలిపి దాచవలెను. ఒకటి ఫాంటు ఫైలు. రెండవది ఆకృతితో నిమిత్తము లేని సాదా యూనికోడు పాఠము. మూడవది ఫాంటును తనలో ఇముడ్చుకొన్న పీడీఎఫ్ ప్రతి. వీనిని కనీసము రెండు ఊళ్లలో ఉంచవలెను.

ఇంత జాగ్రత్త యేల యని కొందరడుగవచ్చును. తంత్రములు శాశ్వతములు కావు. 2022లో అడోబి సంస్థ ఫిగ్మాను 2000 కోట్ల డాలర్లకు కొనుటకు ఒడంబడిక చేసికొని, 2023 డిసెంబరులో విరమించుకొన్నది. ఆ యిల్లు ఎవరిదగునో ఒక సంవత్సరమునకు పైగా తెలియని స్థితి యుండెను. 1984 నాటి పోస్టుస్క్రిప్టు మొదటి తరహా ఫాంట్లకు అడోబి 2023 జనవరితో తన తంత్రములలో ఆదరణను నిలిపివేసినది. నలుబది యేండ్లు లోకమంతయు వాడిన విధానమునకే ఆ గతి పట్టగా, మన పాఠశాల ఫైళ్లను గూర్చి వేరుగా చెప్పనేల? ఉమ్మడి తంత్రము పనిచేసికొనుటకు మంచి చావడి. ధాన్యమును దాచుకొనుటకు మాత్రము మన గాదెయే కావలెను.

ముగింపు

పొరుగు రాష్ట్రములలో తెలుగు చదువు పిల్లలకు కావలసిన ఉపవాచకములు, పటములు, కథల పుస్తకములు అంగడిలో దొరకుట అరుదు. తక్కువ ప్రతులు అమ్ముడగు పుస్తకమును ఏ ప్రకాశకుడును వేయడు. వానిని మనమే కూర్చుకొనవలెను. ఐదు ప్రాంతముల వారము కలసి కూర్చుకొన్నచో భారము తగ్గును. ఇందుకు కావలసిన అక్షరములు నేడు ఉచితముగా, న్యాయముగా మన చేతికి వచ్చినవి. రెండువందల యేండ్లకు పూర్వము హాలేలోను శ్రీరాంపురములోను పరుల చేత నుండిన మాతృకలు నేడు మన పాఠశాల బీరువాలో ఉండగలవు.

ఈ సంచికను చదువు సోదరసోదరీమణులకు నాదొక ప్రార్థన. మీ సంఘము, మీ పాఠశాల, మీ యిల్లు 1990 నుండి అచ్చు వేయించిన తెలుగు పుస్తకముల ఫైళ్లను ఒకమారు తెరచి చూడుడు. తెరచుకొన్నవానిని యూనికోడునకు మార్పించుడు. తెరచుకొననివానికి అచ్చు ప్రతి దొరకునేమో వెదకుడు. మా ఉపవాచకములో లేని మూడు పుటలు హోసూరు ప్రాంతమున ఎవరి పెట్టెలోనైన నుండవచ్చునని నేనిప్పటికిని అడుగుచునే యున్నాను.